పెళ్లికి థీమ్ ఎంచుకోవడం: ముహూర్తం కాగితం నుంచి మండపం దాకా

పెళ్లి కుదిరిన వారంలోపే ఇంట్లో అందరి ఫోన్లలోకి మండపాల ఫొటోలు వచ్చి పడతాయి. ఉదయ్‌పూర్ కోటలో ఎవరిదో పెళ్లి, గోవా ఒడ్డున ఇంకెవరిదో పెళ్లి. అమ్మాయి ఒకటి చూపిస్తుంది, అబ్బాయి వైపు నుంచి ఇంకొకటి వస్తుంది, మేనత్త మూడోది పంపిస్తుంది. ఆ మూడూ డెకరేషన్ అతని చేతిలో పెడితే "చేసేద్దాం సార్" అంటాడు. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

నెల్లూరులో, ఒంగోలులో మా బంధువుల పెళ్లిళ్లు ఇరవై దాకా దగ్గరుండి చూశాను. మూడింటికి డెకరేషన్ బాధ్యత నా నెత్తినే పడింది. ఒకటి చక్కగా కుదిరింది, ఒకటి పర్వాలేదనిపించింది, ఒకటి నీళ్లపాలైంది. నిజంగానే నీళ్లపాలైంది, ఆ సంగతి కింద చెబుతాను. మూడూ అయ్యాక నాకు అర్థమైన వరస ఇది: ఫొటోలు ఆఖర్న చూడాలి. ముందు చూడాల్సింది పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం కాగితం. థీమ్ సగం అందులోనే ఉంటుంది.

1. ముహూర్తం ఎన్నింటికో చూడండి

మన వైపు ముహూర్తాలు చాలావరకు రాత్రిపూటే పడతాయి. పదకొండున్నర, రెండూ నలభై, తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళకు మీరు ఎంత అందమైన తోట తీసుకున్నా, ఏటి ఒడ్డు తీసుకున్నా కనిపించేది చీకటే. వెలుతురు పడిన నాలుగు గజాల మండపం ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి రాత్రి ముహూర్తమైతే డబ్బు చోటు మీద కాకుండా మండపం మీద, లైట్ల మీద పెట్టాలి. ఉదయం తొమ్మిదీ పదీ మధ్య ముహూర్తమైతే లెక్క తారుమారవుతుంది. ఎండ వెలుగే అసలు లైటు. అప్పుడు పూలూ ఆకులూ ఉన్న రంగుతో కనిపిస్తాయి, చెట్ల కింద పందిరి వేసినా శోభగా ఉంటుంది.

ఇంకో సంగతి. మన దగ్గర చాలా కుటుంబాల్లో ముందురోజు సాయంత్రం రిసెప్షన్, ఆ రాత్రే పెళ్లి. వచ్చే జనంలో ఎక్కువమంది రిసెప్షన్‌కి వచ్చి, అక్షింతలు వేసి, భోజనం చేసి వెళ్లిపోతారు. ముహూర్తానికి మిగిలేది ఇంటివాళ్లు, దగ్గరి బంధువులు, నిద్ర ఆపుకుంటున్న నలుగురు స్నేహితులు. అంటే మీకు రెండు వేదికలు, రెండు రకాల చూసేవాళ్లు. రిసెప్షన్ స్టేజీ దూరం నుంచి ఆరువందల మంది చూసేది, పెద్దగా ఉండాలి. మండపం దగ్గర నుంచి అరవై మంది చూసేది, చిన్నగా, నిండుగా ఉంటే చాలు.

ఒకే స్టేజీని రిసెప్షన్ అయ్యాక మార్చి మండపం చేస్తామని డెకరేషన్ వాళ్లు అంటారు. ఖర్చు తగ్గుతుంది, మంచిదే. కానీ మధ్యలో కనీసం మూడు గంటల వ్యవధి ఉంటేనే ఒప్పుకోండి. రిసెప్షన్‌లో ఫొటోల వరస రాత్రి పదిన్నరకు గానీ తెగదు. ముహూర్తం పదకొండున్నరకైతే పెళ్లికూతురు గౌరీపూజ వేళకు మేకులు కొట్టే చప్పుడు వినిపిస్తుంది.

డీజే పెట్టాలనుకుంటున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సంగీత్ తరహా సందడి అనుకుంటే సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టండి.

2. నెల చూడండి, ఆకాశం చూడండి

రాష్ట్రంలో మిగతా చోట్ల జూన్‌లో మొదలైన వానలు సెప్టెంబర్‌కి సర్దుకుంటాయి. మనకు అసలు వాన అప్పుడు మొదలవుతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే కురుస్తుంది. కార్తీక, మార్గశిర మాసాల ముహూర్తాలు సరిగ్గా ఆ వాయుగుండాల నడుమ పడతాయి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు మధ్య హైవే ఆగిపోయింది, పడుగుపాడు దగ్గర రైళ్లు నిలిచిపోయాయి. ఆ వారంలో ముహూర్తం పెట్టుకున్న ఇళ్లల్లో ఎవరూ పూల రంగు గురించి మాట్లాడుకుని ఉండరు.

మా అక్క కూతురి పెళ్లి కార్తీకంలో. ఊరి బయట లాన్ తీసుకున్నాం. పైన ఏమీ లేకుండా, చెట్ల నుంచి వేలాడే బల్బులు, ఆరుబయట మండపం. ఎంపిక నాదే, తప్పూ నాదే. సాయంత్రం నాలుగింటికి మొదలైన తుంపర ఏడింటికి వానైంది. మండపం మీద నీలం రంగు పట్టా కప్పారు. ఎంట్రన్స్ నుంచి స్టేజీ దాకా పరిచిన ఎర్ర కార్పెట్ నాని రంగు వదిలింది. పిల్ల నడిచొచ్చేసరికి గంధం రంగు పట్టుచీర అంచు నుంచి ఆరంగుళాల పైదాకా గులాబీ రంగు పాకింది. మా అక్క ఆ అంచు పిండుతూ, "పారాణి కాళ్లకు పెడతారనుకున్నా, చీరక్కూడా పెట్టినారే" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటినుంచి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆరుబయట అంటే నేను వద్దనే చెబుతాను. చేసి తీరాలనుకుంటే రేకుల షెడ్డు గానీ, హాలు గానీ పక్కనే ఖాళీగా ఉండాలి. దానికి అద్దె ముందే కట్టి ఉంచాలి.

వైశాఖ, జ్యేష్ఠాల్లో ఇంకో రకం కష్టం. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ ఎండలో మధ్యాహ్నం రిసెప్షన్ పెట్టి పెళ్లికొడుక్కి వెల్వెట్ షేర్వాణీ తొడిగితే ఫొటోల్లో నవ్వు రాదు. ఆ నెలల్లో పల్చటి నూలు, లేత రంగులు, మల్లెపూలు. మల్లె వేసవిలో విరగబూస్తుంది, చవగ్గా వస్తుంది. అదే మల్లె చలికాలంలో అడిగితే ధర చూసి కళ్లు తేలేస్తాం. చలికాలానికి చామంతి, బంతి. మావిడాకు, అరిటాకు, కొబ్బరాకు ఏ నెలకైనా పనికొస్తాయి. నెల్లూరు డెకరేషన్ వాళ్లు రకరకాల పూలు చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి తెప్పిస్తుంటారు. సుమారు 175 కిలోమీటర్ల దూరం. రాత్రి బయల్దేరితే తెల్లారేసరికి వచ్చేస్తాయి, కానీ వాయుగుండం రోజున ఆ బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. ఊళ్లో దొరికే ఆకుల మీద, పూల మీద థీమ్ నిలబెడితే ఆ గుండెదడ ఉండదు.

3. చోటు

కల్యాణ మండపం తీసుకుంటే టేపు పట్టుకుని వెళ్లండి. పైకప్పు ఎత్తు కొలవండి. మీకు నచ్చిన ఫొటోలో కప్పు ముప్ఫై అడుగులు ఉంటుంది, మీ హాలు పన్నెండు. వేలాడే పూలజడలు ఆ ఫొటోలో మబ్బుల్లా కనిపిస్తాయి, మీ హాల్లో పెళ్లికొడుకు తలపాగాకు తగులుతాయి. గోడల రంగు చూడండి. మన హాళ్లలో కొన్నింటికి గోడలే ఊదా రంగు, స్తంభాలకు బంగారు పూత. ఆ గోడలు దాచాలంటే బట్ట కట్టాలి, బట్టకు డబ్బు కావాలి. గోడతో కలిసిపోయే రంగు ఎంచుకుంటే ఆ డబ్బు పూలకు వస్తుంది.

ఇంటి ముందు పందిరి వేసుకునే అవకాశం ఉంటే నా ఓటు దానికే. పెన్నా కింద పల్లెల్లో ఇప్పటికీ కొబ్బరాకు పందిరి వేసే మనుషులు ఉన్నారు. పచ్చి కొబ్బరాకు మట్టలు అల్లి, గుంజలకు అరటి బోదెలు కట్టి, గుమ్మానికి మావిడాకు తోరణం కడితే దానికి వేరే పేరు పెట్టాల్సిన పని లేదు. తాటాకు పందిరైతే నిప్పుతో జాగ్రత్త. ఎండిన తాటాకు క్షణంలో అంటుకుంటుంది. వంట పొయ్యిలు పందిరికి దూరంగా, గాలి వాలు చూసి పెట్టించండి. హోమగుండం దగ్గర రెండు బిందెల నీళ్లు, ఒక బస్తా ఇసుక ఉంచండి. సీరియల్ బల్బుల వైర్లు ఆకుల మధ్య దూర్చనివ్వకండి.

గుడిలో పెళ్లంటే జొన్నవాడ కామాక్షమ్మ, పెంచలకోన, సింగరాయకొండ, మార్కాపురం చెన్నకేశవస్వామి, ఎవరి మొక్కు వాళ్లది. గుడికి మీ థీమ్‌తో పని లేదు, గుడే థీమ్. చేయగలిగిందల్లా బట్టలు, పూలదండలు, మేళం బాగా చూసుకోవడం. ఏమేం కట్టనిస్తారో, ఎంతసేపు ఇస్తారో దేవస్థానం ఆఫీసులో ముందే అడగండి. మాలకొండ నరసింహస్వామి గుడి వారంలో శనివారం ఒక్కరోజే తెరుస్తారు. బుధవారం ముహూర్తం పెట్టుకుని మాలకొండ అనుకునే తొందరపాటు మా ఇంట్లోనే ఒకరు చేశారు.

ఇక బీచ్. మైపాడు, కొత్తపట్నం పేర్లు చెప్పి పిల్లలు ఉత్సాహపడతారు. మొదట వాళ్లకు చెప్పాల్సింది, మన సముద్రం తూర్పున ఉంది. గోవా ఫొటోల్లో నీళ్లలోకి దిగే సూర్యుడు మనకు కనిపించడు. మన సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు, అదీ తెల్లవారుజామున. సాయంత్రం బీచ్‌లో పెళ్లివాళ్ల వెనకాల ఉండేది మసకే. పైగా గాలికి హోమం నిలవదు, అడ్డుతెర జెండాలా ఎగురుతుంది, ఉప్పుగాలికి జుట్టు అతుక్కుపోతుంది, పంతులుగారి మంత్రం ఎవరికీ వినపడదు. బీచ్ కావాలంటే నలుగు పెట్టే రోజున పొద్దున ఆరింటికి వెళ్లండి. ఎర్రటి వెలుగులో పసుపు బట్టలు, అరగంట ఫొటోలు, ఇడ్లీ తిని ఇంటికి. హల్దీ అని కొత్త పేరు పెట్టి దానికో స్టేజీ కట్టిస్తున్నారు గానీ, పసుపు దంచడం, నలుగు పెట్టడం మనకు ఎప్పటినుంచో ఉన్నవే. రోలు చుట్టూ ఐదుగురు ముత్తైదువలు నిలబడి రోకలి వేస్తుంటే, దాని ముందు ఏ బ్యాక్‌డ్రాప్ పనికొస్తుంది?

4. మారనివి ఏవో పెద్దవాళ్లతో కూర్చుని రాసుకోండి

ఇది చాలామంది చేయరు. చేయకపోతే పెళ్లిరోజు మండపంలో గొడవ. రెండు వైపుల నుంచి ఒక్కొక్క పెద్దావిడను కూర్చోబెట్టి, "మన ఇంటి పెళ్లిలో తప్పనిసరిగా ఉండాల్సినవేంటి?" అని అడగండి. అరివేణి కుండలు ఎక్కడ పెట్టాలి, వాటి దగ్గరకు ఎవరెవరు వెళ్తారు, కాశీయాత్ర ఉందా లేదా, మధుపర్కాలు ఎప్పుడు మారుస్తారు, బిందెలో ఉంగరం తీయడం పెళ్లిలోనా ఇంటికెళ్లాకా? ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి.

మా తమ్ముడి పెళ్లికి నేను తెల్లటి మండపం అనుకున్నాను. తెల్ల పూలు, తెల్ల బట్ట, ఫొటోలో చూడ్డానికి ఎంతో హాయిగా ఉంది. మా అమ్మమ్మ ఫోన్ పట్టుకుని దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, "బాగుండాది నాయనా, ఎవురు పోయినారు?" అని అడిగింది. ఆ థీమ్ ఆ క్షణంలోనే పోయింది.

ఈ రాసుకున్న వాటిలోంచే ఒక్కోసారి థీమ్ దొరుకుతుంది. అరివేణి కుండలనే తీసుకోండి. సున్నం, జాజు పూసి చారలు, చుక్కలు వేసిన కుండలు. ఆ తెలుపు, ఎరుపు చారలనే మండపం స్తంభాలకు, పత్రిక అంచుకు తెస్తే ఎక్కడో వెతుక్కోవాల్సిన పని ఏముంది?

5. ఒక్క మూలం పట్టుకోండి

థీమ్ అంటే ఒక రంగు కాదు, ఒక సినిమా సెట్టు కాదు. మీ రెండు కుటుంబాలకు చెందిన ఏదో ఒక వస్తువో, పనో, ఊరో. పరీక్ష ఏంటంటే, దాన్ని అమ్మమ్మకు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "మన నేత చీరల పెళ్లి అమ్మమ్మా" అంటే ఆవిడకు అర్థమవుతుంది. "రస్టిక్ వింటేజ్ బోహో" అంటే మీక్కూడా అర్థమై ఉండదు.

నేత చీరలు మన వైపు అన్నిటికన్నా తేలికైన మూలం. వెంకటగిరి, కోవూరు దగ్గరి పాటూరు, చీరాల. 2022లో జిల్లాల గీతలు మారి వెంకటగిరి తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్ల జిల్లాకు వెళ్లాయి గానీ, మనవాళ్ల బీరువాల్లో ఆ చీరలు ఎక్కడికీ పోలేదు. వెంకటగిరి నూలు పల్చగా, మెత్తగా, జరీ అంచుతో ఉంటుంది. జాందానీ పని చేసిన పల్లూలో నెమలి, హంస బుటాలు వస్తాయి. పెళ్లికూతురికి జాందానీ కావాలంటే కనీసం నాలుగు నెలల ముందే చెప్పాలి, అది మగ్గం మీద చేత్తో ఒక్కో బుటా ఎక్కించే పని. ఇంటి ఆడవాళ్లందరికీ ఒకే రంగు చీర కొనడం నాకు నచ్చదు, యూనిఫాంలా ఉంటుంది. ఒకే ఊరి నేత, ఎవరి రంగు వాళ్లది. ఫొటోలో అదే కలిసి కనిపిస్తుంది.

వరి పండించే ఇల్లైతే వరి కంకుల కుచ్చులు. నెల్లూరంటే మొలగొలుకుల బియ్యమే కదా మొదట గుర్తొచ్చేది. గుమ్మానికి పిచ్చుకల కోసం కట్టే కంకుల కుచ్చులే మండపానికి నాలుగు మూలలా కడితే పూలకన్నా నిండుగా ఉంటుంది, వాడిపోదు కూడా. మార్కాపురం వైపు వాళ్లైతే పలక. స్వాగతం బోర్డు ఫ్లెక్సీ కొట్టించకుండా పెద్ద రాతి పలక మీద సుద్దముక్కతో పిల్లా పిల్లాడి పేర్లు రాయించండి. వచ్చినవాళ్లు ఆగి ముట్టుకుని చూస్తారు.

మా వదిన ఇంకో మూలం పట్టుకుంది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో స్వర్ణాల చెరువులో దిగి పెళ్లి రొట్టె తీసుకున్నాకే వాళ్ల అమ్మాయికి సంబంధం కుదిరిందని ఆవిడ నమ్మకం. పెళ్లి పత్రిక మీద వినాయకుడి కింద చిన్న రొట్టె బొమ్మ వేయించింది. అబ్బాయి వైపు వాళ్లు కృష్ణా జిల్లా, అదేంటో అర్థంకాక "ఇది చంద్రుడా?" అని అడిగారు. ఆ కథ చెబుతూనే రెండు కుటుంబాలు దగ్గరయ్యాయి.

ఆ మూలం ఏదైనా సరే, పెళ్లిలో మూడు చోట్ల కనిపిస్తే చాలు: పత్రిక, మండపం, తాంబూలం సంచి. ముప్ఫై చోట్ల కనిపిస్తే ఎగ్జిబిషన్ అవుతుంది.

6. రంగులు, లైట్లు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

పెళ్లికూతురు ఒకే రాత్రిలో రెండు రంగుల్లో కనిపిస్తుంది. ముందు పట్టుచీర: ఎరుపో, మెరూనో. తర్వాత మధుపర్కాలు: తెలుపు, ఎర్ర అంచు. తలంబ్రాలు, తాళి వంటి ముఖ్యమైన ఫొటోలు మీ ఇంటి పద్ధతిని బట్టి ఈ రెండిట్లో ఏదో ఒకదాంట్లో ఉంటాయి. వెనకాల బ్యాక్‌డ్రాప్ ఎర్రగా ఉంటే పట్టుచీర మునిగిపోతుంది, తెల్లగా ఉంటే మధుపర్కం మునిగిపోతుంది. రెండింటినీ నిలబెట్టే రంగు ఒకటే, ఆకుపచ్చ. అందులోనూ అసలు ఆకుల ఆకుపచ్చ. అరిటాకులో, కొబ్బరాకులో, మావిడాకులో ఒకే పచ్చదనం ఉండదు, లేతా ముదురూ కలిసి ఉంటుంది. దాని ముందు ఎరుపు వెలుగుతుంది, తెలుపు వెలుగుతుంది, పసుపు రాసిన మొహమూ వెలుగుతుంది. ఆకుపచ్చ వెనకాల, పసుపో నారింజో పూల వరస, ఇత్తడి దీపాలు. అంతకుమించి రంగు కలిపేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

లైట్ల సంగతి. ఒంగోలులో ఒక పెళ్లిలో మండపం నాలుగు మూలలా ఊదా రంగు ఎల్‌ఈడీలు పెట్టారు. కళ్లకు బాగానే ఉంది. ఆల్బమ్ వచ్చాక చూస్తే టమాటా రంగు చీర ఇటుక రంగైంది, జీలకర్రబెల్లం పెట్టుకునేటప్పుడు ఇద్దరి మొహాలూ నీలంగా, చలికి వణుకుతున్నట్టు ఉన్నాయి. పసుపు రాసిన పాదాలు కమిలిన అరిటాకులా కనిపించాయి. ఫొటోగ్రాఫర్‌ని తిట్టారు, పాపం అతని తప్పేం లేదు. పసుపు మీద ఊదా వెలుతురు పడితే పసుపు చచ్చిపోతుంది. మన పెళ్లిలో ముట్టుకునే ప్రతిదీ పసుపే: అక్షింతలు, తాళి తాడు, పాదాలు, బట్టల మూలలు. కాబట్టి మండపం మీద పడే లైటు వార్మ్ వైట్ ఒక్కటే. బల్బు పెట్టె మీద 3000 కె దగ్గరగా ఉండేది అడగండి. 6500 అని ఉంటే అది ట్యూబ్‌లైటు తెలుపు, వద్దు. రంగు లైట్ల సరదా రిసెప్షన్ స్టేజీకి, ఎంట్రన్స్‌కి, డైనింగ్ గోడలకు పెట్టుకోండి.

చీర కొన్నాక దాన్ని హాలుకు తీసుకెళ్లి, రాత్రిపూట, ఆ లైట్ల కింద మడత విప్పి ఫోన్‌తో ఫొటో తీయండి. షాపులో లైట్ల కింద చూసిన రంగును నమ్ముకోకండి.

7. మండపం కొలత

డ్రాయింగ్ గీయించే ముందు పంతులుగారికి ఫోన్ చేయండి. హోమగుండం ఎక్కడ, పీటలు ఏ దిక్కుకు, కలశాలు ఎక్కడ అని అడిగి, ఆయన చెప్పింది డెకరేషన్ అతనికి అదే పిలుపులో వినిపించండి. తర్వాత మనుషుల్ని లెక్కపెట్టండి. వధూవరులు, తల్లిదండ్రులు నలుగురు, పంతులుగారు, ఆయన సహాయకుడు, తోడిపెళ్లికూతురు, అడ్డుతెర పట్టుకునే ఇద్దరు, కెమెరావాళ్లు ఇద్దరు ముగ్గురు. పద్నాలుగు మంది. వీళ్లకు పన్నెండు అడుగుల చదరం ఇరుకు, పదహారైతే ఊపిరాడుతుంది. ఎత్తు రెండు, రెండున్నర అడుగులు చాలు. వెనక వరసలో కూర్చున్నవాళ్లకు కనిపిస్తుంది, మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ ఎక్కగలుగుతుంది. మెట్ల పక్కన పట్టుకోవడానికి కర్ర కట్టించండి. హోమం పైన బట్ట కట్టకుండా ఖాళీ వదలాలి.

థర్మాకోల్ సింహాసనాలు, థర్మాకోల్ ఏనుగులు పెడతామంటే వద్దనండి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అదే జాబితాలో ప్లాస్టిక్ చెంచాలు, బెలూన్ పుల్లలు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు కూడా ఉన్నాయి. తలంబ్రాల్లో రంగు థర్మాకోల్ బంతులు కలపడం నాకు ముందునుంచే గిట్టదు. కళ్లల్లో పడతాయి, ఆర్నెల్ల తర్వాత కూడా బీరువాలోంచి రాలుతుంటాయి. బియ్యం, పసుపు, నాలుగు ముత్యాలు చాలు.

8. డబ్బు

డెకరేషన్‌కు అనుకున్న మొత్తంలో సగం మండపానికి, పావు లైట్లకు, మిగిలిన పావులో ఎంట్రన్స్, డైనింగ్, కార్ల అలంకరణ. తగ్గించాల్సి వస్తే ముందు సెల్ఫీ పాయింట్ కోయండి, తర్వాత ఎంట్రన్స్ ఆర్చి. మండపాన్ని ముట్టుకోకండి.

9. భోజనం, మేళం, తాంబూలం

భోజనం కూడా థీమ్‌లో భాగమే, అసలు జనం గుర్తుపెట్టుకునేది దాన్నే. అరిటాకు వేసి బంతి భోజనం. నూట యాభై మంది కూర్చునే హాల్లో ఆరువందల మందికి నాలుగు బంతులు, బంతికి నలభై నిమిషాలు. అంటే రెండున్నర గంటల పైమాటే. రిసెప్షన్ పత్రికలో ఏడింటికి అని వేసేముందు ఈ లెక్క వేసుకోండి. మాంసాహారం పెట్టే ఇళ్లల్లో నెల్లూరు చేపల పులుసు లేకపోతే బయటూరి చుట్టాలు మొహం మీదే అడుగుతారు. అది ముందురోజు రాత్రి వండి మర్నాటికి ఊరితేనే రుచి, మామిడికాయ ముక్క పడాల్సిందే. కానీ పట్టుచీరల్లో కూర్చుని ముల్లు తీసుకుంటూ తినడం కష్టం, బంతిలో వడ్డించకుండా పక్కన కౌంటర్ పెట్టించండి.

మేళం విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. నాదస్వరం, డోలు ఉన్న జట్టును రెండు నెలల ముందే మాట్లాడుకోవాలి, మంచి ముహూర్తాల్లో దొరకరు. వాళ్లను స్పీకర్ల పక్కన కాకుండా మండపానికి పక్కగా, పంతులుగారు చెయ్యెత్తితే కనిపించే చోట కూర్చోబెట్టండి. గట్టిమేళం ఒక్క క్షణం ఆలస్యమైతే తాళి కట్టే వేళకు సందడి ఉండదు.

తాంబూలం సంచిలో ఉదయగిరి చెక్క చెంచా ఒకటి పెట్టండి. చేత్తో చెక్కినవి, ఏళ్ల తరబడి వంటింట్లో ఉంటాయి. వందల్లో కావాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. దాంతోపాటు నెల్లూరు మలైకాజా. కాజాకు పాకం కారుతుంది కాబట్టి విడిగా చిన్న డబ్బాలో, లేదంటే తమలపాకులూ చెంచా అన్నీ జిగటే.

10. డెకరేషన్ వాళ్లతో మాట

ఇప్పుడు ఫొటోలు తీయండి. ఇరవై వద్దు, రెండే. ఒక్కో ఫొటో మీద వేలు పెట్టి అడగండి: ఇవి అసలు పూలా, గుడ్డ పూలా? ఈ స్తంభం ఇనుమా, ఫైబరా? ఈ ఆకులు ఏ చెట్టువి? "ఇలాగే చేస్తాం" అనే మాటకు విలువ లేదు. "మావిడాకు తోరణాలు ఇన్ని, బంతిదండలు ఇన్ని కిలోలు, వార్మ్ వైట్ లైట్లు ఇన్ని" అని కాగితం మీద రాసుంటే దానికి విలువ. ఏ టైముకి పని పూర్తవ్వాలో, వాన వస్తే ఏం మారుస్తారో, తీసేసిన పూలు ఎవరు ఊడ్చుకెళ్తారో అందులోనే రాయించండి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. మూడోవంతు పెళ్లి అయ్యాక అని చెప్పండి. గట్టివాళ్లైతే ఒప్పుకుంటారు.

11. ముందురోజు

అన్ని లైట్లూ వేయించి, పీటల మీద ఎవరినైనా ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, వెనక వరసలో మీరు కూర్చుని చూడండి. స్తంభం అడ్డమొస్తోందా, కెమెరా స్టాండ్ అడ్డమొస్తోందా అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మెయిన్ ఆపేయించండి. జనరేటర్ ఎన్ని సెకన్లలో అందుకుంటుందో, అందుకున్నాక మండపం లైట్లన్నీ వెలుగుతున్నాయో, లేక ఏసీలు మాత్రమే తిరుగుతున్నాయో చూసుకోండి. డీజిల్ పోయించామని ఫోన్‌లో చెబుతారు. నమ్మకండి, మూత తీయించి మీ కళ్లతో చూసి రండి.